గోళీల పంపకం

పోయిన ఎండాకాలం మా మేనత్త ప్రాణం ఒక తెల్లగోళీ అంచున నిలబడింది. పొట్టు తీసిన మినప్పప్పు బద్దంత ఉంటుంది ఆ గోళీ. ఏ డాక్టరూ దాన్ని ఆమెకు రాయలేదు, ఆమె ఏ దుకాణంలోనూ కొనలేదు. చనిపోయిన మా పెదనాన్న నుంచి, అంటే ఆమె సొంత అన్న నుంచి, వాటాగా వచ్చింది. లోకంలో మనిషి పోతే పొలం పంచుకుంటారు, ఇల్లు పంచుకుంటారు, గొడవలు పడి కోర్టు మెట్లు కూడా పంచుకుంటారు. మేం మందుగోళీలు పంచుకున్నాం.

గోరంతను కొండంత చేస్తానని మా బంధువుల్లో నాకు పేరుంది. నేను ఒక తాటిచెట్టు ఎక్కానంటే వాళ్ళు ఒక మెట్టు ఎక్కాడని అర్థం చేసుకుంటారు. కానీ ఈ ఒక్క సంగతిలో పెంచి చెప్పడానికి నాకేమీ మిగల్లేదు. అది పెరగాల్సినంతా తానే పెరిగి కూర్చుంది.

ముందు మా బావ గురించి చెప్పాలి. అత్త కొడుకు. చర్ల అవతల అడవి అంచున మిరప పండిస్తాడు. దవాఖానా ఖర్చు తగ్గించడంలో అతన్ని మించినవాడు గోదావరికి ఇటువైపు పుట్టలేదు, అటువైపు పుట్టినా బతికి ఉండడు. డాక్టరు చీటీ రాసిస్తే మందుల షాపు కౌంటరు మీద రెండు మోచేతులు ఆనించి, “అన్నా, ఈ అయిదిట్ల గట్టిగోళీ ఏది? గదొక్కటి ఇయ్యి. మిగిలినయి ఊకె అందం కోసం రాస్తరు” అనేవాడు. తన దగ్గుకు ఫీజు కట్టి లోపలికి వెళ్ళి, అదే ఊపులో భార్య నడుంనొప్పి, పక్కింటాయన తామర, ఆఖరికి ఎద్దు కుంటును కూడా డాక్టరు ముందు పరిచేవాడు. ఎప్పుడో తీయించుకున్న ఎక్స్‌రే ఫిల్మును పైసలు పెట్టి కొన్నానని పారేయకుండా కిటికీకి అద్దంలా బిగించాడు. మిట్టమధ్యాహ్నం ఆ ఇంట్లో పడుకుంటే ఎండ మా బావ పక్కటెముకల గుండా వచ్చి మన మీద పడుతుంది.

అత్తకు బీపీ ఉంది. రోజుకొక గోళీ వేసుకోవాలి. బావ దాన్ని రోజు విడిచి రోజుకు మార్చాడు. “మనిషికి ఆదివారం సెలవుంది, బీపీకి ఉండొద్దా?” అని అతని వాదం. అత్త ఏమీ అనేది కాదు. ఆమె జన్మలో ఎవర్నీ ఏదీ అడగలేదు. ఆకలి, దాహం, నొప్పి అనే మూడు మాటలు ఆమె నోట విన్నవాడు మా వంశంలో లేడు. వారంలో రెండు మూడు రోజులు పొద్దంతా ఏమీ తినకుండా ఒక్కపొద్దులు ఉంటుంది. దేవుళ్ళే మొహమాటపడి, ఇక చాల్లేవమ్మా అనాలి.

ఇక పెదనాన్న. బొగ్గుబావిలో పనిచేసి రిటైరై, దుమ్ముగూడెంలో గోదారి కనబడేట్టు ఇల్లు కట్టుకున్నాడు. బీపీ, షుగరు రెండూ ఆయన వెంటే రిటైరై వచ్చాయి. కంపెనీ దవాఖానాలో మందులు ఊరికే ఇచ్చేవాళ్ళు. ఊరికే వచ్చేదాన్ని వదులుకోవడం ఆయన దృష్టిలో పాపం, వచ్చినదాన్ని మింగడం బద్ధకం. అందువల్ల నెలనెలా బస్సెక్కి వెళ్ళి సంచీ నిండా తెచ్చేవాడు, పెద్దమ్మ వెంటపడి వేయించినన్ని వేసుకునేవాడు, మిగతావి మంచం కింద ట్రంకుపెట్టెలో దాచేవాడు. ఆయన పోయేనాటికి ఆ పెట్టెలో ఉన్న మందులతో భద్రాచలం నుంచి సముద్రం దాకా గోదారి రెండు ఒడ్లకూ వైద్యం చేయొచ్చు.

బావిలో ఎప్పుడో బండ కింద నలిగిన వేళ్ళతో ఆయనకు స్ట్రిప్పు చించడం రాదు. పెద్దమ్మే గోళీలన్నీ ముందుగా వలిచి చిన్న చిన్న డబ్బాల్లో పోసి ఉంచేది. ఒకటి కుంకుమ భరిణె, ఒకటి నశ్యం డబ్బా, ఇంకొకటి ఎప్పటిదో పౌడరు డబ్బా. చదువు రాని మనిషి. ఏ డబ్బాలోది ఎప్పుడు వేయాలో ఆమెకు చేతి అలవాటుగా తెలుసు. ఆ ఇంట్లో ఆమె ఒక్కతికే తెలుసు.

దినాల రోజు భోజనాలయ్యాయి. పోయినవాళ్ళ వస్తువులు గుర్తుగా తలా ఒకటి తీసుకోవడం మా ఇళ్ళల్లో ఆనవాయితీ. చేతికర్ర ఒకరికి, గొడుగు ఒకరికి. కుసుమంచి నుంచి వచ్చిన మా చిన్నమ్మ గడియారం తీసుకుంది. ఆమె పెదనాన్నకు తమ్ముడి భార్య. మా అత్తకు ఈ చిన్నొదినె అంటే గిట్టదు, చిన్నొదినెకు అత్త అంటే అసలే గిట్టదు. మూడు బ్యాటరీల టార్చిలైటు కోసం బావ ఆ పూటంతా దాని పక్కనే కూర్చుని దక్కించుకున్నాడు. అది వెలిగితే ఛత్తీస్‌గఢ్‌లో కోడి కూస్తుందని ప్రతీతి.

“నువ్వేం తీసుకుంటవే అత్తా?” అని నేనడిగాను.

“నాకెందుకు బిడ్డా. అన్న ముట్టుకున్నది ఏదన్న ఒకటి ఇయ్యుండ్రి, సాలు.”

అప్పుడే ఎవరో ట్రంకుపెట్టె ఇవతలికి లాగారు. మూత తెరవగానే మా బావ ముఖంలో వెలిగిన వెలుగు ముందు మూడు బ్యాటరీలు దిగదుడుపు.

“గిన్ని మందులు గోదాట్ల పోస్తమా?” అన్నాడు. “మామ ఆత్మ ఊకుంటదా? పంచుకుందాం పా.”

పట్టా పరిచారు. డబ్బాల్లోవి, సంచుల్లోవి, ఇంకా వలవని స్ట్రిప్పుల్లోవి అన్నీ గుమ్మరించారు. తరువాత జరిగిన పని మా చర్ల దిక్కు మనుషులే చేయగలరు. మిరప కల్లంలో తాలు ఏరినట్టు గోళీలు ఏరారు. ఏటా నెలల తరబడి ఎండలో కూర్చుని ఎర్రకాయ ఒకవైపు, తెల్లమచ్చ పడ్డ తాలుకాయ ఒకవైపు విసిరే చేతులు అవి. రంగు చూస్తే చాలు, వేళ్ళు వాటంతట అవే కదులుతాయి. పచ్చవి ఒక కుప్ప, గులాబీవి ఒక కుప్ప, పెద్దవి అటు, చిన్నవి ఇటు. అందరికన్నా చురుగ్గా ఏరింది మా అత్తే. మార్కెట్టులో చూపిస్తే ఆ కుప్పలకు మొదటి రకం ధర పలికేది.

చిన్న తెల్లగోళీల కుప్ప దగ్గర అత్త చెయ్యి ఆగింది.

“నాది గిదే. గింతే ఉంటది, గిట్లనే తెల్లగ.”

“బీపీ గోళీ!” అని బావ వేలంపాట కొట్టేసినట్టు ప్రకటించాడు. చిన్నమ్మకూ బీపీయే. వెంటనే కొంగు పట్టింది. కుప్పను చెరిసగం చేశారు. నా వంతుకు పచ్చగోళీలు మిగిలాయి.

“నీకేం రోగముంది బామ్మర్దీ?”

“ఇంకా ఏం రాలేదు బావా.”

“అయితె గివి పెట్టుకో. వచ్చినంక సూసుకుందువు.”

అందరూ నవ్వారు. నేనే ఎక్కువ నవ్వాను. లోపలి గది మూల నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. “ఏందిరా ఆ సప్పుడు?” భర్త పోయిన మనిషి గనుక ఆమె మూల కూర్చుంది. ఆమె బయటికి రాకూడదు, బయటి సంగతులు ఆమెకు పట్టకూడదు. “ఏం లేదత్తా, సామాన్లు సర్దుతున్నం” అన్నాడు బావ. డబ్బాలన్నీ ఖాళీ అయి పట్టా పక్కన వరసగా పడి ఉన్నాయి. ఒక్కరూ లోపలికి వెళ్ళి ఆమెను అడగలేదు.

అత్త తన వాటాను కొంగున ముడివేసుకుంది. “అన్న పెట్టిన సారె ఇది,” అంది. “ఇగ రేపటి సంది దినాం ఏసుకుంట.”

మర్నాడు శనివారం. అత్తకు ఒక్కపొద్దు. పొద్దున్నే స్నానం చేసి, కొంగు ముడి విప్పి, ఒక గోళీ తీసి కళ్ళకద్దుకుని, తీర్థం పుచ్చుకున్నట్టు నీళ్ళతో మింగింది. బావ ట్రాలీ ఆటో తీశాడు. ఏడాదికి సరిపడా మిరపకాయలు ఊరికే ఇస్తానన్నాడు గనుక నేనూ వెనకాల ఖాళీ గోనెసంచుల మీద అత్త పక్కన ఎక్కాను. మందుల సంచీ మా మధ్యన పిల్లాడిలా కూర్చుంది. బయలుదేరే ముందు బావ నా జేబులు కూడా తడిమి చూశాడు.

“దినాల ఇంటి తిండి మెతుకు గూడ గడప దాటొద్దు బామ్మర్దీ. అరిష్టం.”

చర్ల రోడ్డు గురించి ఏం చెప్పను? తారు వేశారని విన్నాను. మా ట్రాలీ దానిని వెతుక్కుంటూ ఎగిరెగిరి వెళ్ళింది. రెండువైపులా అడవి ఆకు రాల్చి బోసిగా ఉంది. ఇప్పచెట్ల కింద తెల్లవారకముందే పువ్వంతా ఏరుకుపోయారు. ఎండ మాత్రం ఏరేవాళ్ళు లేక కుప్పలుగా పడి ఉంది.

పోలీసు క్యాంపు దగ్గర బండి ఆపారు. తుపాకీ భుజాన వేసుకున్న పోలీసు ఒకడు గోనెసంచులు కదిలించి, మందుల సంచీ విప్పి, లోపలికి చూసి, మా ముఖాల్లోకి చూశాడు. ఆ రోడ్డు మీద ఇన్ని మందులతో అడవివైపు వెళ్ళడం అంటే నక్సలైట్లకు మోస్తున్నట్టేనని నాకు అప్పుడు తట్టింది.

“ఇన్ని మందులెవరికి? లోపలికా?”

“మా మామయి సార్,” అన్నాడు బావ.

“మామ ఏడి?”

“సచ్చిపోయిండు.”

“ఇన్ని మందులుండంగ ఎట్ల సచ్చిండు?”

“ఏసుకోలె సార్. గందుకే మిగిలినయి.”

పోలీసు నవ్వలేదు. అధికారికి చూపించి వస్తానని సంచీ పట్టుకుని లోపలికి వెళ్ళాడు. మేం ఎండలో ఉండిపోయాం. ఎంతసేపంటే, నా లెక్కలో ఒక పంటకాలం. బావ మిరప చేను పాసుపుస్తకం నుంచి పెదనాన్న చావుకార్డు దాకా అన్నీ చూపించాడు. చివరికి పోలీసు సంచీ తెచ్చి ఇచ్చి, వెళ్ళేముందు ఒకసారి వంగి డ్రైవరు సీటు కింద టార్చి వేశాడు. మా పెదనాన్న టార్చి కాదు, అతనిది. సీటు కింద చూశాడు, తలెత్తి బావను చూశాడు, మీసాల్లో ఏదో నవ్వుకుని పొమ్మన్నాడు. ఆ నవ్వేమిటో నాకు అర్థం కాలేదు.

అక్కణ్ణించి కదిలాక అత్త వైపు తిరిగి, “భయమైందా అత్తా?” అన్నాను.

ఆమె పలకలేదు. నుదుటి నుంచి, మెడ నుంచి, మోచేతుల నుంచి చెమట కారుతోంది. గోదాట్లో మునిగి లేచినట్టు రవిక తడిసి ఒంటికి అతుక్కుంది. చెయ్యి పట్టుకున్నాను. ఆ ఎండలో ఆ చెయ్యి కుండలో నీళ్ళంత చల్లగా ఉంది, సన్నగా వణుకుతోంది.

“బావా, బండాపు!”

ట్రాలీని ఒక ఇప్పచెట్టు కిందికి తోలాడు. ముందూ వెనకా పురుగు లేదు. నా సెల్లులో సిగ్నలు గీతలు ఒక్కటీ లేవు. అత్త కళ్ళు తెరిచే ఉన్నాయి. కానీ చూపు నా మీద ఆగకుండా నా వెనక ఎవరినో వెతుకుతోంది.

“అన్నా,” అంది నన్ను చూసి. “డ్యూటీకి పోలేదా?”

బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు. “బీపీ ఎక్కింది,” అన్నాడు. “ఎండకు ఎక్కింది. రోజు విడిచి రోజు ఏసుడు తప్పు నాదే. ఇంకోటి ఏస్తె దిగుతది.” గబగబా కొంగు ముడి విప్పాడు. “రెండేస్తె జల్దీ దిగుతది. ఊకె వచ్చినయే గద, లోటేమున్నది? నీళ్ళు పట్టు, నీళ్ళు పట్టు!”

అతని అరచేతిలో రెండు తెల్లగోళీలు. నా చేతిలో నీళ్ళ సీసా. అత్త నోరు తెరిచింది. అన్న పెట్టిన సారె గనుక ఎన్ని పెట్టినా మింగుతుంది. బావ చెయ్యి ఆమె పెదవుల దాకా వెళ్ళింది.

“అన్నా, ఆకలైతాంది,” అంది అత్త.

ఆ మాట నా చెవిలో పిడుగులా పడింది. ఇందులో గోరంత కూడా పెంచడం లేదు. పెళ్ళిలో, చావులో, కరువులో, కాన్పులో ఎప్పుడూ ఆ మాట అనని మనిషి. ఒక్కపొద్దు రోజున, ఆకలి అంది. బీపీ ఎక్కిన మనిషి ఎలా ఉంటుందో నాకు తెలియదు. మా అత్త ఎలా ఉంటుందో మాత్రం తెలుసు. ఈమె మా అత్త కాదు. ఈ ఒంట్లో ఏదో వేరే జరుగుతోంది.

బావ మణికట్టు పట్టుకున్నాను. “ఆగు.”

“ఏందాగుడు! ఈడ అమ్మ పోతాంది!”

“ఒక్క నిమిషం. ఈ గోళీ ఏందో పెద్దమ్మను అడిగి వేద్దాం.”

“అత్తకేం తెలుస్తది? ఇడువు నా చెయ్యి!”

విడిపించుకోబోయాడు. మిరప బస్తాలు మోసే చెయ్యి, నాది కలం మోసే చెయ్యి. అయినా విడవలేదు. ఇద్దరం ఆమె ముఖం ముందు రెండు గోళీల కోసం పెనుగులాడుతుంటే అత్త మెల్లగా పక్కకు ఒరిగింది. బావ ఆమెను పట్టుకోవడానికి నన్ను విదిలించుకున్నాడు. నేను ట్రాలీ పైకెక్కి, దాని డ్రైవరు టాపు మీద నిలబడి, సెల్లు ఆకాశానికి ఎత్తాను. ఒక గీత వచ్చింది. పోయింది. వచ్చింది. స్పీకరు పెట్టి పెద్దమ్మ ఇంటికి కొట్టాను. ఎవరో ఎత్తి, “ఆమె మూలకున్నది, ఫోన్ల మాట్లాడొద్దు గద” అన్నారు. నేను ఏమని అరిచానో నాకు గుర్తులేదు. అడవిలో ఉన్న పిట్టలన్నీ లేచాయని మాత్రం గుర్తు.

పెద్దమ్మ వచ్చింది. “ఏంది బిడ్డా?”

“పెద్దమ్మా, పెదనాన్న చిన్న తెల్లగోళీలు దేనికి?”

“ఏ తెల్లయి? కుంకుమ భరిణెల తెల్లయి బీపీయి. నశ్యం డబ్బల తెల్లయి షుగర్‌యి.” ఆగింది. “ఎందుకడుగుతున్నవ్? రెండు కలిపిన్రా?”

“కలిపినం.”

“ఎవలేసుకున్నరు?”

“అత్త.”

“తిన్నదా?”

“ఒక్కపొద్దు.”

తర్వాత వచ్చిన గొంతు మూల కూర్చున్న మనిషిది కాదు. “చెమటలు పట్టినయా? వణుకుతాందా? నశ్యం డబ్బది ఏసుకొని తినకపోతె మీ పెదనాయన గూడ గట్లనే పడేటోడు. తీపి పెట్టుండ్రి! చక్కెరో, బెల్లమో, ఏదుంటె అది. మింగుతాందా? కూసోబెట్టి, కొద్దికొద్దిగ పెట్టుండ్రి. పెట్టి దవాఖానాకు ఉరుకుండ్రి. ఇంకో గోళీ మాత్రం ఎయ్యకుండ్రి బిడ్డా, నీకు దండం పెడత!”

సిగ్నలు తెగిపోయింది. కింద బావ అంతా విన్నాడు. అరచేయి దానంతట అదే తెరుచుకుంది. రెండు గోళీలు దుమ్ములో పడ్డాయి.

తీపి. ఆ అడవిలో తీపి ఎక్కడుంది? నా సంచీ బోర్లించాను. పంచె, దువ్వెన, ఏ రోగానికో తెలియని పచ్చగోళీలు. ఇప్పచెట్టు కింద వెతికితే పువ్వు ఒక్కటి లేదు, ఎవరో చీపురు పెట్టి ఊడ్చినట్టుంది. గోనెసంచులు దులిపితే మిరప గింజలు రాలాయి. అత్త కళ్ళు మూతలు పడుతున్నాయి. “అమ్మా, పండకు, పండకు” అని బావ చెంపలు తడుతున్నాడు. నేను పరుగెత్తుదామని రోడ్డు అటు చూశాను, ఇటు చూశాను. ఎటు చూసినా ఒకే ఎండ.

“బామ్మర్దీ,” అన్నాడు బావ. “సీటు కింద.”

“ఏంది?”

“సీటు కింద సూడు.”

చూశాను. స్టీలు కారియరు. మూత తీస్తే బూరెలు. దినాల ఇంటి బూరెలు. గిన్నె గిన్నెకూ కుక్కి, పైన ఆకు వేసి, ఊరంతటికీ మళ్ళీ దినాలు చేయగలిగినన్ని. పోలీసు మీసాల్లో నవ్వు ఏమిటో అప్పుడు తెలిసింది. తర్వాత ఎన్నోసార్లు తలుచుకుని నవ్వాను గానీ ఆ నిమిషాన ఆ కారియరును చూస్తే దేవుడి గోపురం కనబడినట్టే అయింది.

బూరె చిదిపి లోపలి పూర్ణం తీశాను. మూతలో నీళ్ళు పోసి కలిపి పలచగా చేశాం. బావ తల్లిని ఒళ్ళో ఆనించుకుని కూర్చోబెట్టాడు. వేలితో ముంచి పెదవుల లోపల రాశాను. మొదట కారిపోయింది. మళ్ళీ రాశాను. నాలుక కదిలింది. గొంతు గుటక వేసింది. కొంచెం కొంచెంగా పోశాను. “మింగవే అమ్మా, నీ కాళ్ళు మొక్కుత, మింగు” అని బావ పిల్లాడిలా ఏడుస్తున్నాడు. నలభై దాటిన మనిషి, మీసాలున్న మనిషి. నేను కూడా ఏడ్చి ఉంటాను గానీ చెమటలో కలిసిపోయింది, లెక్కలోకి రాదు.

ఒక బూరె పూర్ణం అయిపోయింది. రెండోది సగమయ్యాక ఆమె చేతి వణుకు తగ్గింది. కళ్ళు తెరిచింది. ఈసారి చూపు నా మీద ఆగింది. నోట్లో ఉన్నది నెమ్మదిగా చప్పరించింది.

“ఏడియి గీ బూరెలు?”

“షాపుల కొన్ననమ్మా,” అన్నాడు బావ కళ్ళు తుడుచుకుంటూ.

అత్త కొడుకును పైకీ కిందికీ చూసింది. “కొన్నవా? నువ్వు?”

తెలివొచ్చిందని నాకు నమ్మకం కుదిరింది.

ముందున్న సర్కారు దవాఖానాకు బావ ఆ ట్రాలీని ఎలా తోలాడో చక్రాలకే తెలియాలి. దారి పొడుగునా నేను పూర్ణం పెడుతూనే ఉన్నాను. డాక్టరమ్మ మా కన్నా సగం వయసుది. వేలిమీద పొడిచి చూసి, వెంటనే సెలైను పెట్టించింది. తర్వాత గోళీ చూపించమంది.

“ఇది ఎవరిది?”

“మా పెదనాన్నదండి.”

“ఆయనేరి?”

“పోయారండి.”

షుగరు లేనివాళ్ళు షుగరు గోళీ మింగితే నెత్తుట్లో చక్కెర ప్రాణం మీదికొచ్చేంతగా పడిపోతుందని చెప్పింది. ఈ గోళీ ప్రభావం అంత తొందరగా దిగదని, మళ్ళీ పడిపోవచ్చని, రేపటిదాకా ఇక్కడే ఉండాలని చెప్పింది. అన్నంత పనీ అయింది. మధ్యాహ్నం అత్తకు మళ్ళీ చెమటలు పట్టాయి. నర్సులు పరుగెత్తారు. మేమిద్దరం గోడకు అంటుకుని నిలబడ్డాం. అది దాటింది.

అప్పుడు బావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. “చిన్నత్త!”

కుప్పలో సగం చిన్నమ్మ కొంగున ఉంది. ఆమె పొద్దున బస్సులో కుసుమంచి వెళ్ళిపోయింది. ఫోను చేశాను. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. చిన్నాన్న లేడు, ఇంట్లో ఆమె ఒక్కతే. బస్సులో కూలబడిందా, ఇంట్లో తలుపు వేసుకుని పడి ఉందా అని నా బుర్ర చిలవలు పలవలు అల్లింది. చిలవలు అల్లడంలో దానికి మంచి అలవాటుంది. ఈసారి నాకే అది భరించరానిదైంది. బావ తల గోడకు కొట్టుకుంటున్నాడు. చీకటి పడకముందు ఆమే ఫోను చేసింది.

“ఏందిరా, అన్నిసార్లు కొట్టినవ్? పొయ్యి కాడున్న.”

“చిన్నమ్మా, ఆ తెల్లగోళీలు మింగినవా?”

“ఇంకా లేదు.”

“ఎందుకు?” ఎందుకడిగానో నాకే తెలియదు.

“మీ అత్త మింగి ఏమైతదో సూసి మింగుదామని ఆగిన.”

పొయ్యిలో వేయమన్నాను. నా పచ్చగోళీలు, బావ సంచీ మొత్తం డాక్టరమ్మ ముందు పెట్టేశాం. అన్నీ ఒక డబ్బాలో పోసి మూతకు టేపు వేయించింది. తర్వాత అత్త చీటీ చూసి, “ఈమెకు బీపీ గోళీలు నెలనెలా ఇక్కడ ఊరికే ఇస్తాం గదా, ఎందుకు రాలేదు?” అంది.

“గోళీ ఊకె ఇస్తరు మేడం,” అన్నాడు బావ తల వంచుకుని. “బండి ఊకె నడవదు గద. రాను పోను డీజిలు లెక్కేస్తె షాపుల కొనుడే అగ్గువ. రోజిడిచి రోజు ఏస్తె ఇంకా అగ్గువ.”

ఆమె కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. డీజిలు ఖర్చుకు ఆమె దగ్గరా మందు లేదు.

మర్నాడు పొద్దున అత్త మంచం మీద లేచి కూర్చుని ఇడ్లీ తింది. తిని కొంగు తడుముకుంది. ముడి లేదు.

“నా గోళీలేవిరా?”

“పారేసినం అత్తా.”

కొంగు కొసను అరచేతిలో పెట్టుకుని, ముడి ఉన్న చోట నలిగిన బట్టను బొటనవేలితో సాపు చేస్తూ కూర్చుంది. “అన్న పెట్టింది గదొక్కటే,” అంది చివరికి.

బావ బయటికి వెళ్ళాడు. ట్రాలీలో నుంచి మూడు బ్యాటరీల టార్చిలైటు తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టాడు. ఆమె దాన్ని వెలిగించి గోడ మీద వేసి చూసింది. పట్టపగలు, ఏమీ కనబడలేదు. ఆర్పి తలగడ కింద పెట్టుకుంది.

ఇప్పుడు బావ నెలకొకసారి తల్లిని ట్రాలీలో ఎక్కించుకుని సర్కారు దవాఖానాకు తీసుకుపోతున్నాడు. డీజిలు ఖర్చు గిట్టడానికి ఆ రోజే ఊళ్ళో మరో నలుగురు బీపీవాళ్ళను పోగేసి తలా ఇంత కిరాయి వసూలు చేస్తున్నాడు. వాళ్ళను ఎక్కించుకునే ముందు మీమీ గోళీలు ఒకళ్ళవొకళ్ళు ముట్టుకోవద్దని ప్రసంగం చేస్తున్నాడట. వాళ్ళకు విసుగొచ్చి, చీటీ వెంట ఈ ప్రసంగానికి కూడా ఏమన్నా గోళీ ఉందా అని డాక్టరమ్మను అడిగారట.

నేను మిరపకాయలకు వెళ్ళినప్పుడు ఒక పొద్దున చూశాను. బావ పక్కటెముకల గుండా వచ్చిన ఎండలో అత్త కూర్చుని ఉంది. పళ్ళెం ఖాళీ అయింది. అరచేతిలో గోళీ ఉంది, మింగలేదు. ఎదురుచూస్తోంది. సెల్లు మోగింది. దుమ్ముగూడెం నుంచి పెద్దమ్మ. మూల నుంచి లేచి వచ్చాక, వెంటపడి గోళీలు వేయించడానికి ఆమెకు పెదనాన్న లేకుండా పోయాడు.

“తిన్నవా?”

“తిన్న వదినె.”

“ఏం తిన్నవ్?”

“జొన్నరొట్టె, పప్పు.”

“నిజంగ తిన్నవా? ఒక్కపొద్దు అనకు.”

“అవ్, తిన్న.”

“అయితె ఏసుకో.”

అత్త గోళీని కళ్ళకద్దుకుని మింగింది. అవతల పెద్దమ్మ ఆ గుటక చప్పుడు వినేదాకా ఫోను పెట్టలేదు.